నవమి నాడు మొండికేసిన అల్లుడి గేమ్ బాక్సు

మొన్న దసరాకి మా ఇంట్లో ఏం జరిగిందో చెప్తాను, వినండి. విన్నాక మీరెవరూ నన్ను మీ ఇంట్లో మిక్సీ స్విచ్ కూడా వేయనివ్వరు. అయినా చెప్పేస్తాను. కడుపులో దాచుకుని దాచుకుని ఉబ్బిపోయేలా ఉన్నాను.

శంషాబాద్‌లో ఇల్లు ఉండటమంటే చుట్టాలందరికీ ఫ్రీగా క్లోక్ రూమ్ నడుపుతున్నట్టే. "మీరు ఎయిర్‌పోర్ట్ పక్కనే కదా" అన్న ఒక్క మాటతో మొదలవుతుంది. కారు మా గేటు ముందు పెట్టి దుబాయ్ వెళ్ళేవాళ్ళు కొందరు. ఫ్లయిట్ దిగి మా ఇంట్లో స్నానం చేసి, టిఫిన్ తిని, అప్పుడు ఊరికి బయల్దేరేవాళ్ళు ఇంకొందరు. మా ఆయన, పేరు శ్రీశైలం, ఎయిర్‌పోర్ట్‌లో లగేజీ దగ్గరే పనిచేస్తారు కాబట్టి మూడో రకం కూడా ఉన్నారు. చెక్-ఇన్ కౌంటర్ దగ్గర బరువు ఎక్కువైందంటే సూట్‌కేసు తెరిచి, చేతికందింది తీసి, ఆయన చేతిలో పెట్టేసి వెళ్ళిపోతారు. మా బీరువా మీద ఎవరిదో ఇడ్లీ కుక్కరుంది. ఎవరో ముసలాయన నడుము బెల్టు కూడా ఉంది. అడిగేవాళ్ళు లేరు.

అలా వచ్చిందే ఈ గేమ్ బాక్సు.

ఇది మా ఆడపడుచు రమ్య భర్తది. పేరు నరేందర్. మొన్న ఎండాకాలంలోనే పెళ్ళయింది, ఆ వెంటనే పుణెలో ఉద్యోగం. వెళ్ళేరోజు బరువు ఎక్కువైందని సూట్‌కేసు తెరిస్తే, రమ్య చటుక్కున ఈ నల్లటి డబ్బా తీసి వాళ్ళన్న చేతిలో పెట్టిందట. నరేందర్ ఆ సాయంత్రమే పుణె నుంచి నాకు ఫోన్ చేశాడు. "అక్కా, గది నా పానం. జర పైలంగ చూడుండ్రి" అన్నాడు. కొత్త అల్లుడు నోరు తెరిచి అడిగిన మొదటి కోరిక.

ఇక్కడ నరేందర్ గురించి ఒక ముక్క చెప్పాలి. మంచివాడే, కానీ అలక మనిషి. పెళ్ళి బారాత్‌లో ఆయనకి నచ్చిన పాట మీద డ్యాన్స్ చేస్తుంటే డీజే బండి జనరేటర్ సగంలో ఆగిపోయింది. అంతే! నవ్వు మాయమైంది. అప్పగింతలప్పుడు కూడా పలకలేదు. మా అత్తమ్మ పక్కనే ఉన్న పాల్మాకుల ఊరి మనిషి, దేనికీ బెదరదు. ఆవిడే ఆ తర్వాత నాలుగు ఊళ్ళ చుట్టాలతో పంచాయితీ చేయించి అల్లుణ్ణి నవ్వించింది. సగంలో ఏది ఆగినా ఆయనకి పడదని అప్పుడే మాకందరికీ అర్థమైంది. అలాంటి మనిషి వస్తువు నా చేతిలో పడింది.

నేను దాన్ని టీవీ కింద పెట్టి, ముట్టుకోకుండా చాలా రోజులే ఉన్నాను. ఒకసారి నరేందరే ఫోన్‌లో, అప్పుడప్పుడు ఆన్ చేసి చూడమన్నాడు, ఊరికే పడుంటే ఖరాబవుతుందన్నాడు. చూడమన్నాడే గానీ ఆడమనలేదు. కానీ అందులో ఒక లారీ గేమ్ ఉంది. సరుకు ఎక్కించుకుని కొండలు, వంతెనలు దాటుకుంటూ వేరే ఊళ్ళో దింపి రావాలి. ఆరాంఘర్ చౌరస్తాలో స్కూటీ మీద వెళ్ళాలంటే కాళ్ళు నేలకి ఆన్చుకుంటూ వెళ్ళే మనిషిని నేను. ఆ గేమ్‌లో పెద్ద లారీ నడుపుతుంటే ఎవడూ వెనక నుంచి హారన్ కొట్టడు! ఎడమ పక్క నుంచి ఆటో దూరదు! నేను టీచర్ని, దసరా సెలవులొచ్చాయి, అమ్మాయిని గుడివాడ మా అమ్మ దగ్గరికి పంపేశాం. ఇక చూస్కోండి. అన్నం పొయ్యి మీద పెట్టి లారీ ఎక్కేదాన్ని.

దసరా ముందు రోజు, నవమి. మర్నాడు మధ్యాహ్నం ఫ్లయిట్‌కి రమ్య, నరేందర్ వస్తున్నారు. కొత్త అల్లుడికి మొదటి దసరా. బట్టలు కొన్నాం, మేకపోతు సంగతి మా ఆయన చూస్తున్నారు. వెళ్ళేటప్పుడు నరేందర్ తన గేమ్ బాక్సు తీసుకెళ్ళిపోతాడు. పొద్దున్నే అత్తమ్మ ఆయుధ పూజ మొదలుపెట్టింది. మా ఇంట్లో ఆయుధాలంటే కత్తిపీట, స్కూటీ, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, ఇన్వర్టర్, ఇస్త్రీపెట్టె. ప్లగ్గు ఉన్నదల్లా ఆయుధమే. పళ్ళెంలో పసుపు, గంధం, కుంకుమ, బంతిపూలు పెట్టుకుని ఆవిడ ముందు, నీళ్ళ చెంబు పట్టుకుని నేను వెనక. టీవీ దగ్గరికొచ్చేసరికి పన్నెండు దాటింది, ఆవిడ నడుం పట్టేసింది. పళ్ళెం నా చేతికిచ్చి, "అల్లుని సామానుకు గూడ వెట్టు బిడ్డా. ఇంట్ల అన్నిటికి వెట్టి దానికి వెట్టకుంటే ఎట్ల" అంది. నిజమే కదా. వంగి, ముందు పక్క సరిగ్గా మధ్యలో, పాపిట లాగా సన్నటి గీత ఒకటి ఉంటే దాని మీద గుండ్రంగా, మందంగా గంధం పెట్టి, కుంకుమ అద్దాను. చూడముచ్చటగా ఉంది. ఫోటో కూడా తీశాను.

మధ్యాహ్నం అత్తమ్మ నడుం వాల్చింది. రేపటి నుంచి ఈ డబ్బా మనది కాదు, చివరిసారి ఒక ట్రిప్పు కొడదామని కూర్చున్నాను. లారీ ఘాట్ రోడ్డెక్కింది. కింద లోయ, పైన పొగమంచు. ఉన్నట్టుండి 'టిక్' మని చిన్న శబ్దం. టీవీ నల్లగా అయిపోయింది.

కరెంట్ పోయిందనుకున్నాను. ఫ్యాన్ తిరుగుతోంది. మళ్ళీ ఆన్ చేశాను, వచ్చింది. హమ్మయ్య అనుకునేలోపు మళ్ళీ టిక్. ఈసారి ఆగి ఊరుకోలేదు, లోపలున్న డిస్కుని వెక్కిరించినట్టు బయటికి చాపింది. పరాయివాళ్ళ వస్తువు, అందులోనూ అల్లుడిది, అందులోనూ నరేందర్‌ది, అందులోనూ సగంలో ఆగిపోయేది!

మొదట ప్లగ్గు మార్చాను. ఆగింది. ఇన్వర్టర్ లైనులో పెట్టాను. ఆగింది. వైరు ఊడదీసి ఊది పెట్టాను. ఆగింది. యూట్యూబ్‌లో చూస్తే ఎవరో తెల్లబ్బాయి ముందుగా దుమ్ము అన్నాడు, తర్వాత వేడి అన్నాడు, చివర్లో మొహం విచారంగా పెట్టి మదర్ బోర్డ్ అన్నాడు. దుమ్ము, వేడి నాకేం వినబడలేదు. మదర్ బోర్డ్ ఒక్కటే వినబడింది. నేను లారీలో ఎక్కువ సరుకు ఎక్కించడం వల్ల పోయిందేమో అని కూడా అనుమానం వచ్చింది. నవ్వకండి, భయంలో ఉన్న మనిషికి బుద్ధి అలాగే పనిచేస్తుంది.

దుమ్ము సంగతి చూద్దామని మేకప్ బ్రష్‌తో చిల్లులన్నీ తుడిచాను. వేడి తగ్గాలని టేబుల్ ఫ్యాన్ తెచ్చి, సరిగ్గా దాని మొహానికి ఎదురుగా ఫుల్ స్పీడులో పెట్టి కూర్చున్నాను, జ్వరమొచ్చిన పిల్ల పక్కన కూర్చున్నట్టు. కాసేపాగి ఆన్ చేస్తే, ఆగలేదు! లారీ ఘాట్ దిగింది, ఊరు చేరింది, సరుకు కూడా దింపింది. వేడే రోగం, నేనే డాక్టర్ని. ఆ గర్వం ఎంతసేపు? నా హడావిడికి అత్తమ్మ లేచొచ్చింది. ఏమైందంటే దాచలేక చెప్పేశాను. ఆవిడ నన్ను తిట్టలేదు. పైగా ఎంతో ఓదార్పుగా, "దిష్టి తాకినట్టుంది, పూజ చేసినం గాబట్టి నిలవడ్డది. ఏం బుగులు వడకు" అంది. మొక్కుకున్న మొక్కు తీర్చినట్టుగా ఒక నిమ్మకాయ తిప్పేసి, ఎండిపోయిన బొట్టు మీద మళ్ళీ చక్కగా చిక్కటి గంధం అద్దించింది. ఎవరిచేత? నాచేతే.

ఐదు నిమిషాల్లో టిక్.

ఇక లాభం లేదని రమ్యకి ఫోన్ చేశాను. నరేందర్ పక్కన లేడు కదా అని అడిగి మరీ, గొంతు తగ్గించి, విషయం చెప్పాను. రమ్య చాలా నెమ్మదిగా, "ఏం గాదు వదినా. గట్లనే ఉండనియ్యి. నువ్వు ఇగ ముట్టకు" అంది. నాకు కళ్ళు చెమర్చాయి. ఎంత పెద్ద మనసు! మొగుడి ప్రాణం పోతున్నా వదినని ఒక్క మాట అనలేదు. అంత మంచి పిల్ల కోసమైనా దీన్ని బాగుచేయించి తీరాలని పట్టుదల పెరిగింది.

కాటేదాన్‌లో మా ఆయన చిన్ననాటి దోస్తు యాదగిరి అని ఉన్నాడు. ఇన్వర్టర్లు, స్టెబిలైజర్లు, టీవీలు అన్నీ విప్పి బాగుచేస్తాడు. డబ్బాని పాత చున్నీలో చుట్టి, స్కూటీ ముందు కాళ్ళ దగ్గర పెట్టుకుని బయల్దేరాను. మొహం బయటికి కనబడేలా పెట్టాను, గాలి తగిలితే మంచిదని. ఆరాంఘర్ దాకా రావడానికే నా ప్రాణం పోయింది. పండగ రష్, రోడ్డు పొడుగునా బంతిపూల బళ్ళు, దండలేసుకున్న లారీలు. ఆ లారీ డ్రైవర్లని చూస్తే కొంచెం కుళ్ళు కూడా పుట్టింది. వాళ్ళ బళ్ళేవీ సగంలో ఆగిపోవడం లేదు కదా.

యాదగిరి షాపు తెరిచే ఉంది. లోపల లైట్లు, అగరొత్తుల పొగ. బల్ల మీద ఎర్రగుడ్డ పరిచి స్క్రూడ్రైవర్లు, పానాలు, సోల్డరింగ్ కడ్డీ, మల్టీమీటర్ అన్నీ వరసగా పెట్టి వాటికి పూలేశారు. నేను రొప్పుతూ విషయం చెప్పి, ఒక్కసారి విప్పి చూడమని బతిమాలాను. అతను రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకున్నాడు.

"ఎట్ల వదినా, సామాన్లన్ని పూజల ఉన్నయి. రేపు జమ్మికి పోయొచ్చినంక గాని ముట్టం."

ఒక్క స్క్రూడ్రైవర్, చిన్నది, అదిగో ఆ చివర్న ఉన్నది అన్నాను. చిన్నదైనా పెద్దదైనా అమ్మవారి ముందుందన్నాడు. పక్క షాపు? అక్కడా పూజే. ఎదురు షాపు? అక్కడ కొబ్బరికాయ కూడా కొట్టేశారు. ఆలోచించండి, కాటేదాన్ మొత్తంలో ఇన్ని షెడ్లు, ఇన్ని వర్క్‌షాపులు ఉన్నాయి కదా, ఆ రోజు ఒక్క మర విప్పే నాథుడు లేడు. నా ఖర్మ కాకపోతే అది పాడవడానికి ఏడాదిలో ఇంకో రోజే దొరకలేదా?

నా మొహం చూసి యాదగిరికి జాలేసినట్టుంది. విప్పకుండా ప్లగ్గు పెట్టి చూస్తానన్నాడు, కరెంటుకి పూజ లేదు కదా. అక్కడున్న టీవీకి తగిలించి ఆన్ చేశాడు. ఆడింది! అతను టీ తాగాడు, నాకు తాగించాడు, ఇంకా ఆడుతూనే ఉంది. ఒక్కసారి టిక్ అంటే ఒట్టు. యాదగిరి గడ్డం గోక్కుని తీర్పు చెప్పాడు. డబ్బాలో ఏం లేదట, మా ఇంటి వైరింగ్‌లో తేడా ఉందట, ఎర్తింగ్ చూపించుకోమన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంటి వైరింగ్ పోతే మనింటిదేగా! అల్లుడు అలగడు కదా! సంతోషంగా డబ్బా ఎత్తుకోబోతుంటే యాదగిరి భార్య లోపల్నుంచి వచ్చింది. పూజ పూట షాపులోకి వచ్చిన సామాను ఊరికే పంపకూడదంది. నాకు బొట్టు పెట్టి, ప్రసాదం పెట్టి, డబ్బాకి కూడా నిండుగా తడి గంధం, కుంకుమ పెట్టింది. ఎక్కడ? ఆల్రెడీ నేను పెట్టిన గుర్తుంది కదా, దాని మీదే.

దుమ్ము పడకూడదని ఈసారి మొహం మీద కూడా చున్నీ వదులుగా కప్పి తెచ్చి, ఇంటికి రాగానే టీవీకి తగిలించాను. టిక్.

దాంతో మా ఇంటి వైరింగ్ పోయిందని ఖాయమైపోయింది. ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేస్తే అతను కూడా టెస్టర్ పూజలో ఉందన్నాడు. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చేసరికి నేను సోఫాలో చతికిలబడి ఉన్నాను. ఆయన అంతా విని, చొక్కా విప్పుతూ తాపీగా ఒక ఉపాయం చెప్పారు. దాన్ని మళ్ళీ ఆన్ చేయొద్దు. చక్కగా ప్యాక్ చేసి బావ చేతిలో పెట్టేద్దాం. పుణె పోయాక ఆగిపోతే అది పుణె కరెంటు సంగతి, విమానం సంగతి, మన సంగతి కాదు. ఎయిర్‌పోర్ట్ లగేజీలో పనిచేసే మనిషి ఈ మాట అనొచ్చా అని ఒక్క క్షణం అనిపించింది. కానీ ఆ పూట నాకు అంతకంటే గొప్ప ఉపాయం కనబడలేదు. అట్టపెట్టె వెతికి, థర్మోకోల్ పెట్టి, టేపు చుట్టేశాను.

మర్నాడు దసరా. మా ఇంటి మీదుగా విమానాలు దిగుతూనే ఉంటాయి, మామూలుగా మాకు వినబడను కూడా వినబడవు. ఆ రోజు మాత్రం ప్రతి విమానం మోతకీ ఇదే వాళ్ళదేమో అని గుమ్మంలోకి పరిగెత్తాను. అత్తమ్మ బగారన్నం, మటన్ చూసుకుంటోంది. నేను గారెల పిండిలో ఉప్పు వేశానా లేదా అన్నది కూడా గుర్తులేని స్థితిలో ఉన్నాను. గారెలు తిన్నవాళ్ళు తర్వాత చెప్పారు, రెండుసార్లు వేశానని.

వాళ్ళు రానే వచ్చారు. నరేందర్ కొత్త బట్టలు కట్టుకున్నాడు, జమ్మి ఆకులు చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ చేశాడు, భోజనం చేశాడు. నేను ఆయన మొహమే చూస్తున్నాను. చేయి కడుక్కుని తువ్వాలు అందుకుంటూ ఆయన అడిగిన మొదటి మాట, "అక్కా, నా డబ్బా ఏది?"

ప్యాక్ చేశానన్నాను. విప్పుదామన్నాడు. టేపు గట్టిగా వేశానన్నాను. పళ్ళతోనైనా విప్పుతానన్నాడు, అంత ఆత్రం. మా ఆయన కల్పించుకుని, ముందు కాస్త నడుం వాల్చు బావా అన్నారు. "ఒక్క ఆట ఆడి పండుకుంట" అన్నాడు. పెట్టె విప్పేశారు. పొద్దున పూజలో అత్తమ్మ ఆ పెట్టె టేపు ఒక పక్క పీకి, మూత ఎత్తి, 'అల్లుడొచ్చే దినం' అని ఇంకోసారి గంధం పెట్టిందన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది. పెట్టెలో గాలాడక బొట్టు ఇంకా పచ్చిగా మెరుస్తోంది.

ఆన్ చేశాడు. టీవీలో వెలుగు. నేను పళ్ళు బిగబట్టి నిలబడ్డాను. రమ్య వంటింటి గుమ్మంలో చేతులు కట్టుకుని చూస్తోంది. టిక్.

నరేందర్ మళ్ళీ ఆన్ చేశాడు. టిక్. మూడోసారి డిస్కు బయటికొచ్చింది. బారాత్ నాటి మొహం వచ్చేసింది ఆయనకి, అదే మొహం, పెదవులు లోపలికి పోయి. నేను ఇక ఆగలేకపోయాను. "తమ్ముడూ, నిన్నటి నుంచి ఇంతే. నేనే పాడుచేశాను. నీ లారీ గేమ్ ఆడాను" అని గడగడా చెప్పేశాను. మా ఆయన నన్ను చూసిన చూపు మీరు చూడాలి. ఇంత ప్యాకింగ్ చేయించి ఇదా నువ్వు చేసేది అన్నట్టు.

నరేందర్ నా మాట విన్నాడో లేదో, డబ్బాని చేతుల్లోకి తీసుకుని మొహానికి దగ్గరగా పెట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు.

"గీ బొట్టు ఎవరు వెట్టిన్రు?"

ఎవరని చెప్పను? నేను, అత్తమ్మ, యాదగిరి భార్య. సగం శంషాబాద్, సగం కాటేదాన్ పెట్టింది. ఆయన నిదానంగా చెప్పాడు. ఈ డబ్బాకి నొక్కే బటన్ లేదట. ఆఫ్ చేసేదీ, డిస్కు బయటికి తోసేదీ రెండూ ఆ సన్నటి గీత దగ్గరే ఉంటాయట, వేలు ఆనిస్తే చాలట. "తడి తగిలినా గది వేలే అనుకుంటది అక్కా." అంటే నిన్నటి నుంచి నేను ఆ డబ్బా ఆఫ్ బటన్ మీద వేలు పెట్టి, ఎందుకు ఆఫ్ అవుతోందా అని కాటేదాన్ దాకా తిరిగొచ్చానన్నమాట. ఫ్యాన్ గాలికి గంధం ఎండితే పనిచేసింది. స్కూటీ మీద ఎండితే పనిచేసింది. బాగుపడినప్పుడల్లా సంతోషం పట్టలేక మళ్ళీ తడి చేశాం.

నరేందర్ జేబురుమాలు తీసి తుడవబోయాడు. అంతవరకూ ఊరుకున్న అత్తమ్మ ఆయన చేయి పట్టుకుంది.

"ఆగు బిడ్డా. పండుగ పూట బొట్టు తుడుస్తరా ఎవరన్న?"

కొత్త అల్లుడు, అత్తగారి మాట కాదనలేడు. రుమాలు గాల్లోనే ఆగిపోయింది. ఇప్పుడు చూడండి మా సంకటం. బొట్టుంటే డబ్బా పనిచేయదు, డబ్బా పనిచేయాలంటే బొట్టు తుడవాలి, పండగ పూట బొట్టు తుడవకూడదు. అత్తమ్మ కాసేపు ఆలోచించి తనే దారి చూపించింది. ముందు ఇంకో తావులో కొత్త బొట్టు పెట్టాలి, అప్పుడు పాతది తీసినా దోషం లేదు. సరే, ఎక్కడ పెట్టాలి? ఆవిడ గంధం గిన్నెలో వేలు ముంచి పైకెత్తి నిలబడింది. వెనక పెడతానంటే నరేందర్ అక్కడ గాలి చిల్లులున్నాయన్నాడు. పక్కన అంటే అక్కడా చిల్లులే. ముందు కింది భాగంలో అంటే అక్కడ వైర్లు గుచ్చే చోటు. గంధం ఆవిడ మోచేతి దాకా కారుతోంది. చివరికి పైభాగంలో ఒక మూల, ఏమీ లేని చోటు దొరికింది. బొట్టు పెట్టింది, పాతది తుడిచారు. నరేందర్ వేలు ఆనించాడు.

వచ్చింది. ఆగలేదు. నా లారీ తెర మీద ప్రత్యక్షమైంది, ఘాట్ అవతల ఆపి ఉంది. నరేందర్ కళ్ళు పెద్దవయ్యాయి. ఆ రూట్ దాకా తనే రాలేదట! మా కోడలు దినాం లారీ తోలుతుందని అత్తమ్మ గర్వంగా చెప్పింది. కోప్పడతాడనుకున్న మనిషి నాకు పక్కన చోటిచ్చి, ఆ మలుపు ఎలా తిప్పారో చూపించుండ్రి అక్కా అని రిమోట్ నా చేతిలో పెట్టాడు. సాయంత్రం దాకా అల్లుడూ నేనూ సరుకు రవాణా చేస్తూనే ఉన్నాం. నాకు ఎంత తేలిగ్గా అనిపించిందో! రెండు రోజుల బుగులు ఒక్కసారిగా దిగిపోయింది. వస్తువు నిలబడింది, అల్లుడు నవ్వుతున్నాడు, అత్తమ్మ ముందు నా పరువు దక్కింది.

టీ పెడదామని వంటింట్లోకి వెళ్ళాను. రమ్య గిన్నెలు తోముతోంది, అవసరం కంటే చాలా గట్టిగా. ఏమ్మా, నువ్వు పండక్కి వచ్చి పని చేయడమేంటి అన్నాను. తిరగలేదు. ఏమైందని భుజం మీద చేయి వేస్తే అప్పుడు తిరిగింది. కళ్ళనిండా నీళ్ళు.

"నీకెవరు జెప్పిన్రు వదినా దాన్ని బాగుచెయ్యమని? గది లేకుంటెనే ఆయన నాతోని మాట్లాడుడు మొదలువెట్టిండు. పొద్దుగూకినంక నడవనీకి పోతున్నం, ముచ్చట్లు వెట్టుకుంటున్నం. ఆగిపోతుందని నువ్వు ఫోన్ జేస్తే ఎంత సంబురపడ్డనో తెల్సా? ముట్టకుమని గూడ జెప్పితి."

నేను పెద్ద మనసనుకున్నదేమో ఆ పిల్ల మొక్కుకున్న మొక్కు. అల్లుడు అలగకూడదని ఊరంతా తిరిగాను, అలిగిందేమో ఆడపడుచు. హాల్లోంచి నరేందర్ కేక వినబడుతోంది, "అక్కా, జల్దీ రాండ్రి, వంతెన వచ్చింది" అని. ఎటు చూడాలో తెలియలేదు. నిజం చెప్పొద్దూ, ఆ వంతెన చూడాలని నాకూ ఉంది.

మర్నాడు వాళ్ళ ప్రయాణం. నరేందర్ డబ్బాని ఈసారి సూట్‌కేసులో పెట్టలేదు, చంటిపిల్లలా చేతుల్లో పట్టుకుని కారెక్కాడు. ఆడపిల్ల పుట్టింటి నుంచి వెళ్తోంది కదా, అత్తమ్మ రమ్యని పీట మీద కూర్చోబెట్టి ఒడి నింపింది. బొట్టు పెట్టి, పసుపు, కుంకుమ పొట్లాలు కట్టి ఇచ్చే పని నాది. పొద్దున్నుంచీ నాతో మాట్లాడని రమ్య, అప్పుడు మాత్రం అందరూ వింటుండగా, మొహం ఎంతో అమాయకంగా పెట్టి నోరు విప్పింది.

"వదినా, గంధం జర ఎక్కువ వెట్టు."

పెట్టాను. పెద్ద సీసా నిండా నింపి ఒళ్ళో పెట్టాను. ఇప్పుడు నా ఫోన్‌లో నరేందర్ పేరు కనబడితే చాలు, ఎత్తకుండా దిండు కింద పెట్టేస్తున్నాను.